కామా

నారిన్ చలికి సుద్దముక్క కూడా వేళ్లని కొరుకుతుంది.
తొమ్మిదో తరగతి, పద్దెనిమిది మంది,
చేతి తొడుగులు విప్పకుండానే పేజీలు తిప్పుతారు.

"పంతొమ్మిది వందల పదహారు. తిరుగుబాటు.
కనుమల మీదుగా చైనా వైపు వలస, వేలమంది మృతి."
గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి కూర్చుంది ఐజిర్కిన్.
వలసకీ మృతికీ మధ్య ఏముందమ్మా? అన్నాను.
పుస్తకంలోకి తొంగిచూసి చెప్పింది:
"కామా ఉంది టీచర్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఇంటికెళ్లాక నవ్వు రాలేదు.
ముసలివాళ్లు దాన్ని ఉర్కున్ అంటారు,
ఉరికి ఉరికి మాటకే ఆయాసం వచ్చినట్టు.

మర్నాడు బిస్కెట్ల డబ్బా ఒకటి పట్టుకెళ్లాను.
ఇరవై ఏళ్లుగా పోగేసిన కాగితాలు,
అవ్వల నోట విన్నవి, దస్తావేజుల గదిలో
గుమాస్తా టీకి లేచినప్పుడు ఎక్కించుకున్నవి.
తలా ఒక మనిషి, అన్నాను.
మంచు కరిగేదాకా వీళ్లు మీ ఇంటి చుట్టాలు.

ఒకడికి గుర్రాలకి నాడాలు కొట్టే దోరోన్‌బెక్,
ఒకమ్మాయికి ఏ పేరూ మిగలని నాలుగేళ్ల పిల్ల.
ఐజిర్కిన్‌కి బాత్మ, బొంతలు తయారుచేసే మనిషి,
ఉప్పు మూటా పసిబిడ్డా ఒకే వీపు మీద.
ఎర్మెక్‌కి లుక్యాన్,
కోటలో తంతి పంపే కుర్రాడు.
సైనికుల్ని పంపమన్న కబురు వాడి వేళ్ల మీదుగానే వెళ్లింది.

కాగితం నా బల్ల మీద విసిరాడు ఎర్మెక్.
"వీడు మనవాడు కాదు."
కాడు, అన్నాను.
"మా తాత వాళ్ల అమ్మమ్మ ఆ మంచులోనే ఉండిపోయింది."
తెలుసు, అన్నాను. చదువు.
క్షమించడం సిలబస్‌లో లేదు.

రెండు వారాలు నా ముఖం చూడలేదు వాడు.

బాత్మ కథకి రెండు చివరలు.
ఒక అవ్వ చెప్పినదాంట్లో ఆమె కనుమ దాటింది.
ఇంకో అవ్వ చెప్పినదాంట్లో ఉప్పు మూట మాత్రం దాటింది.
"పరీక్షలో ఏది రాయను?" అంది ఐజిర్కిన్.
నాకు తెలీదన్నాను.
టీచరుకి తెలీదన్న సంగతి
సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

తనిఖీ అధికారి వచ్చాడు, బూట్ల మంచు గుమ్మంలో దులిపి.
తిరుగుబాటు ఎప్పుడు? అన్నాడు.
"బార్లీ సగం కోసి కొడవలి చేలోనే వదిలేసిన రోజండీ,"
వెనక బెంచీలోంచి ఎవరో.
తేదీలు బలహీనం, అని రాసుకుని
మా బొగ్గుల పొయ్యి దగ్గర చేతులు కాచుకుని వెళ్లిపోయాడు.
రాసింది అబద్ధమేమీ కాదు.

మార్చిలో ఎర్మెక్ తనంతట తనే లేచాడు.
"టీచర్, ఆ కబురు పంపడానికి పదకొండు నిమిషాలు పడుతుంది.
ఇంట్లో బల్ల మీద కొట్టి చూశాను, టిక్కు, టిక్కు, టీక్కు.
మా తాత ఆపరా అని అరిచాడు.
వాడు మాత్రం ఆపలేదు.
పంతొమ్మిదేళ్లు వాడికి, మా అన్న కన్నా చిన్న.
దగ్గుతున్నట్టు మధ్యలో ఆపి ఉండొచ్చు,
తీగ తెగిందని చెప్పి ఉండొచ్చు.
ఆపలేదు."
కాసేపు కిటికీ వైపు చూశాడు.
"నాకింకా కోపమే.
కానీ ఆ రాత్రి వాడి వేళ్లు ఎంత చల్లగా ఉన్నాయో
కాగితంలో రాయలేదు మీరు."

అవును, రాయలేదు.
తీసుకుని పెన్సిల్‌తో అంచున వేశాను వాడి ప్రశ్న.

చివరి పాఠం రోజు
పాత వాక్యమే చదవమన్నాను ఐజిర్కిన్‌ని.
లేచింది. తొడుగు విప్పి వేలితో వరస పట్టుకుంది.
"పంతొమ్మిది వందల పదహారు. తిరుగుబాటు.
కనుమల మీదుగా చైనా వైపు వలస,"

ఆగింది.

పొయ్యిలో ఒక బొగ్గు విరిగి కిందకి జారింది.
దోరోన్‌బెక్ వాడు తల వంచాడు.
ఎర్మెక్ వేలు బెంచీ మీద ఆడబోయి ఆగింది.
బయట గంట కొట్టారు, ఎవరూ లేవలేదు.
పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది,
తర్వాతి మాట మీద వేలు పెట్టకుండా.