నీళ్ల గంట

అగ్గిపెట్టె కంటే రవ్వంత పెద్దది, అంతే.
పైన డబ్బా లేదు, మూత లేదు.
పచ్చటి అట్ట మీద చింతగింజలంత నల్ల చిప్పులు,
ఒక అంచున వరసగా నలభై కాళ్లు.
మాబున్ని దాన్ని రుమాల్లో చుట్టుకొని తెచ్చింది
కోడిపిల్లను తెచ్చినట్టు.

"ఇది కంప్యూటరు, ఉరుకుందప్ప మామా."
నేను నవ్వినా.
ముప్పయ్యేండ్లు ఆదోనిలో టీవీల పొట్టలు కోసినోణ్ణి,
ఇంతదానికి అంత పేరెందుకని.
"పాలిటెక్నిక్‌లో సీనియర్ అమ్మేసినాడు, వెయ్యికి.
నలభై చీరలకు ఫాల్ కుట్టినా.
చీరకొక కాలు, లెక్క సరిపాయె.
మొగమే లేదు దీనికి.
నీ అటక మీద శానా మొగాలుండాయి కదా, ఒకటియ్యి."

ఉండాయి. పదకొండు.
అన్నీ బాగుచేసినవే.
దుడ్లూ రాలేదు, మనుషులూ రాలేదు.
వీపుల మీద నా సుద్దరాత ఇంకా పోలేదు:
గుట్టకింది నబీసా,
జిన్నింగు మిల్లు వాచ్‌మన్,
ఒకదాని మీద "రేపొస్తా" అని,
పేరు అడగడం మరిచి ఆయనన్న మాటే రాసుకున్నా.

ఆ రేపొస్తానే దించినా.
పసుప్పచ్చ వైరు గుచ్చినాం.
దుమ్ము కాలిన వాసన.
గాజు దగ్గర చెయ్యి పెడితే వెంట్రుకలు నిక్కినాయి,
ఎన్నేండ్లాయెనో ఆ చక్కిలిగింత తగిలి.
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు
చీమలబారు మాదిరి పైకి పాకి పాకి
చివరికి ఒక చిన్న గీత మిగిలింది,
ఆరుతా వెలుగుతా.
"ఏం చేస్తాంది?"
"ఏమీ లేదు మామా. మనం చెప్పాల. ఎదురుచూస్తాంది."

మా వీధికి నీళ్లు ఎప్పుడొస్తాయో
వాల్వు తిప్పేటోనికే తెలీదు.
ఐదో దినమో ఏడో దినమో,
రాత్రి రెండుకో నాలుగుకో.
మాబున్ని వాళ్లమ్మ ఖాజాబీ
కొళాయి కింద తపేలా బోర్లించి పండుకుంటాది,
మొదటి చుక్కకే ఠంగుమంటాదని.
ఠంగుమనక ముందే నాలుగుమార్లు లేస్తాది.
పగలు మిల్లులో పత్తి ఏరుతా
నిలబడే కునుకుతాది.

కొళాయి మూతిలో రెండు వైర్లు,
ఒకదానికొకటి తగలకుండా.
చచ్చిపోయిన గడియారంలోని బజరు నేనిచ్చినా.
రాసిందంతా నాకు తెలుగులో చదివి వినిపించింది:
నీళ్లు తగిలినాయా చూడు.
తగిలితే మోగు.
లేకుంటే రవ్వంతసేపు ఆగు.
మళ్లీ చూడు.

నాకు నోట మాట రాలేదు.
ఇది ఖాజాబీ కదప్పా.
ఈ వీధి ఆడోళ్లంతా ఇదే కదా.
ఎవరు రాసినారో వీళ్లకు,
ఎప్పుడు ఆపాల్నో రాయడం మరిచినారు.

మొదటి రాత్రి పన్నెండున్నరకు మోగింది.
బిందెలతో వీధంతా ఉరికొచ్చింది.
నీళ్లు లేవు,
రహంతుల్లా మేక కొళాయి మూతి నాకుతాంది.
ఇద్దరం కలిసి తిట్లు తిన్నాం.
పొద్దున ఇంకో లైను చేర్చింది:
వరసగా మూడుమార్లు తగిలితేనే నమ్ము.
అప్పులిచ్చేటప్పుడు నాకు తెలిసుంటే
ఆ లైను విలువ లక్షన్నర.

తర్వాత వైర్లకు పచ్చటి చిలుము పట్టింది, గీరింది.
కరెంటు పోయింది, పాత ఫోను బ్యాటరీలు వెతికింది.
నాకు తెలిసిన టంకం పని నేను చేసినా,
కళ్లజోడు సరిగా ఆనక వేలు కాల్చుకున్నా.

గురువారం, తెల్లారుజామున మూడు.
మోగింది.
మేక కట్టేసే ఉంది.
నేను లేచినా, మాబున్ని లేచింది,
ఎదురింటి ముసలాయన తుండుగుడ్డ వెతుక్కుంటా లేచినాడు.
ఖాజాబీ లేయలేదు.
బజరు ఆమె తలకాడే మోగతాంది,
ఆమె నోరు తెరుచుకొని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి,
నిద్ర.

మాబున్ని బజరు ఆపింది.
అమ్మను లేపలేదు.
ఏడు బిందెలు తానే పట్టింది.

ఎండెక్కినాక లేచిన ఖాజాబీ
నిండిన బిందెలు రెండుమార్లు లెక్కబెట్టింది.
ఆ మీదట కూతుర్ని తిట్టింది,
నన్ను కూడా కలిపి, గట్టిగా:
ఇత్తడి బిందె తోమకుండా ఎవరు పట్టమన్నారని.