కాయితం వెనుకపక్క

పరకాల తాసిల్దారు ఆఫీసు ఎదురుంగ
జిరాక్సు డబ్బా నీడల నా కుర్చీ.
ఉర్దూ చదివిపెడుత. కాయితానికి ఇరవై రూపాలు.
సేత్వారు, ఖాస్రా పహాణి, చౌఫస్లా...
తాతల భూమి ఏ గీత కింద పోయిందో
మనుమండ్లకు వేలుపెట్టి చూపుత.

ఇయ్యాల ఓదెలు మనుమడు వచ్చిండు.
సంచిల పదకొండేండ్ల అర్జీలు,
ఎకరం ముప్పై గుంటల గురించి.
ఈ మధ్యల జిల్లా పేరు మారింది,
మల్ల మారింది,
వాని గోస మారలె.

"గీ ఓట్లు, గీ మీటింగులు అన్నీ ఉత్తయే సారూ.
ఒక్కడుండాలె, రాజు లెక్క.
పొద్దున చెప్తే మాపటికి పని కావాలె"
చాయి గ్లాసు బల్ల మీద గట్టిగ పెట్టిండు.

నేనేం అనలె.
మిర్చి రేటు పడ్డనాడు ఎనుమాముల యార్డుల
బస్తాల మీద కూసోని ఇదే మాట అంటరు.
నేను గూడ అన్న,
పింఛను ఆగిన నాలుగు నెలలు,
మా ఇంటి గోడతోని.

సంచి అడుగున, యూరియా కవర్ల చుట్టి,
ఓదెలు నాయిన కొంరెల్లి పెట్టుకున్న దరఖాస్తుకు
హుజూరు కచేరి నుంచి వచ్చిన జవాబు.
మడతల కాడ చినిగింది గని
మొహరు ఇంకా తేటగ ఉన్నది.
ఏం దస్తూరి అది!
నూనెల దీసిన నల్లచీమల బారు.
ఇప్పుడు ఏ ఆఫీసుల ఉన్నదట్ల రాసే చెయ్యి?

"ఏమున్నది సారూ?"
ఒక్కటే మాట.
నామంజూర్.

"ఎందుకట?"
కింద వెతికిన, మీద వెతికిన,
అంచుల పొంటి అద్దం పెట్టి వెతికిన.
కారణం రాసే జాగనే విడువలె బిడ్డా.

"ఎన్ని రోజులకు వచ్చింది?"
ఫస్లీ తారీకులు కలిపి చూసిన.
మూడు రోజులు.
వాడు సంబురపడబోయి
నడుమలనే ఆగిండు.

గడీ ముచ్చట కాయితాలల్ల దొరుకది.
అక్కడ హుకుం నోట్ల పుట్టి
వీపు మీద అచ్చయ్యేది.
ఊరి పెద్దల తీర్పులు గూడ దొరుకయి.
ఐదుగురు కూసుందురట, మా నాయిన చెప్పేది,
ఐదు తలకాయలు,
ఒక్కటే జేబు.

ఇగ వీని అర్జీ తిప్పి చూస్తే
వెనుకపక్క సూదిమోపు సందు లేదు.
"పరిశీలించగలరు." "సర్వేయరుకు పంపనైనది."
ఆకుపచ్చ సిరా రాసింది ఎర్రసిరా కొట్టేసింది.
ఎవరిదో ఫోను నంబరు. చాయి మరక.
"అభ్యంతరాలుంటే ముప్పై రోజులల్ల."
పదకొండేండ్లు రాసి రాసి
ఒక్క ముచ్చట తెంపలె.
చూస్తే నాకే సిగ్గయితది,
ముప్పై ఏండ్లు ఇసొంటి ఆఫీసులనే పనిచేసినోన్ని.

గని కొట్టేసిన ప్రతి మాట పక్కన
కొట్టేసినోని సంతకం ఉన్నది.
ఆ సంతకం పట్టుకొనే
మొన్న సోమవారం ప్రజావాణిల
వీడు మైకు గుంజుకున్నడు.
పోలీసాయన రెక్కపట్టి బయటికి పంపిండు.
వచ్చే సోమవారం మల్ల పోతడట,
అంగి ఇస్త్రీకి ఇచ్చిండు.

పాత కాయితం మడతపెట్టబోయి తిప్పిన.
హుజూరు మాట వెనుక
ఎవరి మాటా ఉండొద్దు గద, తెల్లగ ఉండాలె.
బొగ్గుతోని గీతలున్నయి.
వంకరటింకర, పదిహేడు.
సదువురాని చెయ్యి.
వెట్టికి పోయిన దినాలో,
బాకీ పడ్డ మానికల జొన్నలో,
రోగమొచ్చి పోయిన గొర్లో...
ఇరవై కాదు, రెండొందలిచ్చినా
నేను చదవలేని లిపి.

వాడు ఒక్కొక్క గీత మీద వేలు ఆనిచ్చుకుంట
లెక్కపెట్టిండు.
పదిహేడో దాని కాడ
కాయితం చినిగేటంత ఒత్తి ఉన్నది.

డబ్బాల పిలగాడు తల బయటపెట్టి
"తియ్యాల్నా అన్నా?" అని అడిగిండు.

"తియ్యి.
రెండు దిక్కుల."