జీడిగుర్తు

కుషాయిగూడల మా ఇస్త్రీ డబ్బా
రెండు అపార్టుమెంట్ల నడుమ, రేకుల కింద.
బొగ్గుల పెట్టె పోయి కరెంటు పెట్టె వచ్చినా
వాసన మాత్రం నాయిన కాలందే.

మంగళారం పొద్దుగాల జరీనా మేడం వచ్చింది,
పౌర రక్షణ జాకెట్, మెడల విజిల్.
అణు ప్రమాదమంటే పెద్ద చప్పుడొక్కటే కాదట.
దుమ్ము.
కంటికి కానరాని దుమ్ము, ముక్కుకు తెల్వని దుమ్ము,
వచ్చి బట్టల మీద కూసుంటదట.
"లోపలికి పోవాలె. లోపలే ఉండాలె. రేడియో వినాలె."
ఫసియుద్దీన్ భాయ్ బేకరీల రేడియో యాదికొచ్చింది,
సెల్లు లేక ఎన్నేండ్లాయెనో.

కిరాణం భోజరాజు అడిగిండు:
"అప్పుడు గిరాకీ దుకాన్లుంటే?"
"లోపలికి గుంజి, ఆనెంక షట్టర్ దించాలె."
"బాకీ కట్టనోణ్ని?"
"వాణ్ని గూడ."
గోలీలు తెచ్చి పెట్టుకుందామా అంటే
చెప్పేదాక మింగొద్దన్నది, కండ్లెర్ర చేసి.

పై బట్టలు గుమ్మంలనే విడువాలెనట.
దులపొద్దు. సంచిల కట్టి మనుషులకు దూరం పెట్టాలె.
సబ్బుతోని మెల్లగ కడుక్కోవాలె, తోలు గీరుకపోకుండ.
సగానికి మించి గండం ఆ బట్టలతోనే పోతదట.

నవ్వొచ్చింది నాకు.
మా తాతలు చేసిందదే గదా,
ఊరు విడిచిన మైలను మూట గట్టి
ఊరికి దూరంగ మోసుడు.
ఇయ్యాల దానికి జాకెట్ తొడిగి పంపిండ్రు.

"మరి నా డబ్బా?"
మేడం పైకి చూసింది.
రేకు మీద కాకి నడుస్తుంటే
గోర్ల చప్పుడు లోపలికి వినవడ్తున్నది.
"ఇది ఆపదు," అన్నది. అబద్ధమాడలే.
"సెల్లార్‌కు పోవాలె నువ్వు."

సెల్లార్ లిస్టు సెక్రెటరీ విఠల్‌రావు సారు చేతుల ఉన్నది.
ముప్పై రెండు ఫ్లాట్లు, నూటపద్నాలుగు మంది.
నేను నా బుక్కు తెరిచిన.
సారూ, మూడొందల రెండుల ముసలమ్మ ఏది?
వారానికి రెండు నేత చీరెలు, గంజి జర ఎక్కువ.
నూట ఐదుల పసిపోరడు,
జేబురుమాలంత చొక్కాలు, మూడు నెల్లాయె వచ్చుడు.
నాలుగొందల ఒకటిల నైట్ డ్యూటీ పోరగాండ్లు
కాయితం మీద ఇద్దరు, నా తాడు మీద ఆరుగురు.
కాయితానికి దాస్తరు గని
కాలరుకు దాయలేరు ఎవ్వలు.

సారు పెన్ను తీసిండు. రాసిండు. చానసేపు రాసిండు.
"నీదే పేజీ?" అనడిగింది మేడం.
నా బుక్కుల నేను లేను.
మా బట్టలకు గుర్తెందుకు, మావి మాకు తెల్వయా?

గా వారం ఇంటికో జత వచ్చింది నాకాడికి,
గుమ్మం పక్క సంచిల పెట్టేటందుకు.
గా దినానికి ఇస్త్రీ ఎందుకమ్మా అంటే
ముసలమ్మ చేతికర్ర నేలకు కొట్టింది:
"నలిగిన చీరెతోని నేను ఎన్నడు బయటికి రాలే.
దుమ్ము కోసం కొత్తగ నేర్సుకుంటనా?"
మడత మీద మడత పెట్టుకుంట
ప్రతి జతకు చెప్పిన లోపల్లోపల:
కట్టకుండనే పాతవడుండ్రి.
పెట్టెలనే చీకిపోండ్రి.

రాత్రి డబ్బా మూసినంక
నా నీలం అంగి, మణెమ్మ వాయిలు చీరె పరిచిన.
నాయిన జీడిగింజల డబ్బీ అటక మీదికెల్లి దించిన.
సూది గుచ్చిన.
ఏ గుర్తు పెట్టాలెనో శానసేపు తోచలే.
సారు లిస్టుల ఆఖరుకు, ఫ్లాటు నంబరు లేని కాడ
మమ్ముల రాసిన గీత ఒకటున్నది. గదే పెట్టిన,
కాలరు కింద, అడ్డంగ.

రసం వేలికంటి మండింది.
తెల్లారితే బొబ్బ లేస్తది.
నల్లా ఇప్పి, సబ్బు తీసి
మెల్లగ కడుక్కున్న, రుద్దకుండ.