నో బిడ్

సారూ, కంప్యూటర్ తెర నావైపు తిప్పి
ఐదొందల ఎనభై మూడు అన్నారు మీరు.
నాకు ముందు సంతోషమేసింది.
మా ప్రిస్కిల్లకి పదో తరగతిలో
ఐదొందల అరవై ఒకటొస్తే
టంగుటూరు సెంటర్లో కిలో లడ్లు కొని
గ్రేడింగు షెడ్డులో అందరికీ పంచాను.
దానికంటే ఇరవై రెండెక్కువ కదా అని
నవ్వబోయి, మీ మొహం చూసి ఆగాను.

ఇది తొమ్మిదొందలకంట.
ఏడొందలు దాటని తల్లి
కూతురి చదువప్పు పక్కన సంతకం పెడితే చెల్లదంట.

ఇరవై ఆరేళ్ళుగా ఆకు ఏరతన్నా సారూ.
బ్యారన్లోంచి దిగిన పొగాకు ఒళ్ళో వేసుకుని
ఒక్కో ఆకు విప్పి, వెలుతురుకెత్తి
ఇది బ్రైటు, ఇది మీడియం, ఇది పచ్చ, ఇది మాడు
అని కుప్పలేస్తాను.
కరెంటు పోయినా వేళ్ళు చెప్తాయి.
కానీ ఆకుని ముట్టకుండా
ఒక్కనాడూ గ్రేడు కట్టలేదు.
నన్ను ముట్టి చూసిందెవరు?

గ్రూపులో పదిమందిమి.
తిరపతమ్మ మొగుడికి కిడ్నీలు పోయి
మూడు కంతులు ఆగినాయి.
నాలుగోది రాకముందే ఇంటికి తాళమేసి
బెంగుళూరు బస్సెక్కింది.
ఆమె బాకీ తలాకాస్త పంచుకున్నాం.
నా వంతులో కట్టలేక మిగిలింది
నాలుగు వేల రెండొందల అరవై.
వసూలుకొచ్చిన కుర్రాడు బండి దిగకుండానే
"రెండు వేలు కట్టమ్మా, సెటిల్ చేసేస్తా" అన్నాడు.

సెటిల్.
ఎంత మంచి మాట.
ఫలానా వాళ్ళ పిల్లోడు సెటిలయ్యాడంటే
ఇంటికి జీతమొస్తా ఉందని.
గట్టు తగాదా సెటిలయిందంటే
రేపట్నించి ఒకే బోరు నీళ్ళు తాగుతారని.
మీ పుస్తకంలో మాత్రం అది మచ్చంట,
ఏళ్ళ తరబడి మాయదంట.

పోనీ, మా అత్త చేత పెట్టిస్తానన్నా.
డెబ్బై నాలుగేళ్ళ మనిషి,
పక్కింట్లో గుప్పెడు ఉప్పు కూడా అరువు తేలేదు.
ఆధార్ నంబరు కొట్టి మీరన్నారు:
"ఈమెకి చరిత్ర లేదమ్మా."

తుపానుకి బ్యారన్ కప్పు లేచిపోయిన రాత్రి
పిల్లలందర్నీ గోతాల కింద కప్పి
తెల్లారిందాకా తలుపుకి వీపానించి నిలబడింది సారూ, ఆమె.
నాకు చరిత్ర ఉంది గానీ బాగాలేదు,
ఆమె బాగుంది గానీ చరిత్ర లేదు.

మీ మీద కోపం లేదు.
వేలిముద్ర మిషను నాలుగుసార్లు నా వేలిని కాదంటే
మీ రుమాలిచ్చి తుడుచుకోమన్నారు.
పొగాకు జిగురు సారూ,
చింతపండుతో రుద్దినా సగమే పోద్ది.
రుమాలు ఉతికి తెస్తా.

వేలం కేంద్రంలో కొన్ని బేళ్ళకి
నో బిడ్ అని పడుద్ది.
కొనేవాడు లేడని.
దాన్నెవరూ తగలబెట్టరు.
ట్రాక్టరెక్కించి మళ్ళీ మా ముందే దించుతారు.
కుట్లు విప్పి, చెమ్మ ఆరబెట్టి,
మాడిన ఆకు నాలుగు తీసేసి
మళ్ళీ కట్టి ఇంకో వంతుకి పంపుతాం.
అప్పుడు రేటెంతొస్తదో ఎవరికి తెలుసు.
ఒక్కోసారి అప్పుడు కూడా రాదు.

మిగిలిన రెండు వేల రెండొందల అరవై
శనివారం కూలిడబ్బుల్లోంచి కట్టేసి
బాకీ లేదన్న కాయితం తెస్తా.
ఆ కాయితం మీ తెర మీదికి ఎక్కడానికి
ఎన్ని నెలలో మీరూ చెప్పలేకపోయారు.
నెల్లూరు నర్సింగ్ కాలేజీ వాళ్ళు మాత్రం
ఇరవయ్యో తారీకు అని గట్టిగానే చెప్పారు.

బయట బెంచీ మీద పిల్ల లేచి నిలబడింది.
ఎంతొచ్చిందమ్మా అనింది.
చెప్పాను.
"అబ్బో, నాకంటే ఎక్కువే" అని
నా చేతిలో ఫైలు తను తీసుకుని
ఎండలోకి ముందు నడిచింది.