ఉప్పుగాలి ఫీడరు

తెల్లారేసరికి జీడితోటల మీంచి
ఉప్పుగాలి వచ్చి తీగలెక్కి కూర్చుంటుంది.
భావనపాడు లైను చిటపటమంటుంది,
పొయ్యిలో పచ్చిపుల్లలు ఎగదోసినట్టు.

సప్లై తీయించి, ఎర్తు రాడ్డు తగిలించి
దాలయ్య స్తంభమెక్కుతాడు.
కింద నేను, బాల్చీ, తడిగుడ్డ.

"మా అయ్య కాలంలో దీనికి ఒకటే గొడుగురా గుంటడా.
వాన ఏటవాలుగా కొడితే సాలు, ఊరంతా సీకటి.
తర్వాత రెండొచ్చాయి, మూడొచ్చాయి,
అంచు కింద లోపలికి మడతలొచ్చాయి.
కరెంటుకి బద్ధకంరా,
దారి పొడుగైతే నడవదు."

అంత శక్తిని ఆపుతున్నది గోడ కాదన్నమాట.
కొంచెం ఎక్కువ దూరం,
గొడుగు కింద బెత్తెడు పొడి నీడ.

తుఫాను మర్నాడు
ఇసకలో దొరికిన పింగాణీ పెంకు ఇంటికి తెచ్చాను.
అమ్మ అటూ ఇటూ తిప్పి
"మన ఊరగాయ జాడీ మట్టే గదేటి" అంది.
మట్టి ఒకటే కావచ్చు.
జాడీ ఉప్పుని లోపల దాస్తుంది,
ఇది ఏళ్లకేళ్లు గుమ్మం బయటే నిలబెడుతుంది.

పాతదాన్ని దించితే దాలయ్య ముందు వేలితో కొడతాడు.
ఖంగుమంటే మళ్ళీ పైకి.
బొంగురుపోతే లోపలెక్కడో వెంట్రుకంత పగులు.
ఆయన చదువంతా ఆ చెవిలోనే.

మొన్న లారీలో పాలిమరువి దిగాయి,
బూడిదరంగు, పిల్లాడైనా ఎత్తేంత తేలిక.
రాయి తగిలినా పగలవట.
"మంచియే," అన్నాడు దాలయ్య.
ఒకటి తీసి వేలితో కొట్టాడు.
చెవి దగ్గరికి తెచ్చుకుని
ఇంకోసారి కొట్టాడు.