సీసం కింద గీతి

రువైస్‌లో రాత్రి పదకొండు.
వెల్డర్లు దిగిపోయాక పైపులు మావి.
నాలుగు మూలలా ఎర్రదీపాలు పెట్టి, పసుపు తాడు కట్టి
లోపల ఎవరన్నా ఉంటే బయటికి రమ్మని
ఎల్లేశం మూడు భాషల్లో కేకేస్తాడు.
ఎవరూ ఉండరు. ఒకసారి మాత్రం ఒక పిల్లి.

కెమెరా అంటాం గానీ దానికి కన్ను లేదు.
ఇరవై కిలోల డబ్బా,
కడుపులో గోరంత ఇరీడియం.
హ్యాండిల్ తిప్పితే తీగ కొసన వేలాడుతూ
గొట్టంలో నడిచెళ్ళి జాయింటు ముందు నిలబడుతుంది.
మేం వెనక్కి వెనక్కి నడుస్తాం.
మీటరు చిటపటలాడుతుంది, నూనెలో ఆవాల్లా.

డార్క్‌రూం తలుపు మీద చార్టు.
డెబ్బై నాలుగు రోజులకి సగం,
నూట నలభై ఎనిమిదికి పావు.
ఈ డబ్బా కొత్తగా దిగినప్పుడు
రెండు నిమిషాల్లో ఫిల్ము తేలిపోయేది.
ఇప్పుడు అదే జాయింటుకి ఎనిమిది.
అది నీరసించే కొద్దీ
నిలబడాల్సింది మేము.

"అన్నా, ఇది ఎప్పుడు అయిపోతది?"
"అయిపోదు. సగమైతది."
"ఆ మిగిలిన సగం?"
"అదీ సగమైతది."
ఎల్లేశం వేళ్ళు మడిచి, విప్పి,
"మా మిత్తి దీనికి ఉల్టా నడుస్తది" అన్నాడు.

క్షయ స్థిరాంకం అని పుస్తకంలో పేరు.
పక్కపక్కన కూర్చోకూడని రెండు మాటలు.
రోజుకి నూటికి ఒకటి, ఇంకా కాస్త తక్కువే.
ఏ అణువు పోతుందో ఎవరూ చెప్పలేరు,
ఎన్ని పోతాయో లెక్క తప్పదు.
నిన్న తయారైన దానికీ
ఏడాదిగా కాచుకున్న దానికీ
ఈ రాత్రి పోయే అవకాశం ఒక్కటే.
అణువుకి వయసు లేదు,
ఇన్నాళ్ళు ఉన్నందుకు జమ లేదు.

పోయింది కూడా ఎక్కడికీ పోదు.
చాలావరకు ప్లాటినమై అక్కడే కూర్చుంటుంది.
ఆ మాట చెప్పినప్పుడు ఎల్లేశం డబ్బాని
కొత్త పెళ్ళికొడుకుని చూసినట్టు చూశాడు.

చుట్టూ ఉన్న కవచం సారం తీసిన యురేనియం.
అది సగమవడానికి
నాలుగు వందల యాభై కోట్ల ఏళ్ళు.
అంత తీరిక ఉన్నది
డెబ్బై నాలుగు రోజుల దానికి కాపలా.

నిరుడు రంజాను ముందు కంపెనీ చెప్పింది,
నూటికి పదిమందిని తీసేస్తున్నామని.
ఎంతమందో చెప్పారు, ఎవరో చెప్పలేదు.
గురువారం కాగితం అంటించారు.
పదకొండేళ్ళ వెల్డరు లచ్చన్న
పదకొండు రోజుల కుర్రాడు
ఒకే వరుసలో.
పుస్తకం ప్రకారం సరిగ్గానే ఉంది.
కానీ అణువుకి మోకాళ్ళుండవు.
ఆర్క్ వెలుగు చూసీ చూసీ
అన్నంలో రాయి కనపడని కళ్ళుండవు.

ఫిల్ము మీద నేను సీసపు అంకెలు పేరుస్తాను.
లైను నంబరు, జాయింటు నంబరు, వెల్డరు నంబరు.
లచ్చన్న నలభై ఒకటి.
మూడో నెలలో ఆ అంకె ఇంకో పిల్లాడికిచ్చారు.
సీసానికేం, ఎవరి పేరైనా మోస్తుంది,
తను మాత్రం కరగదు, మారదు, సగమవదు.

హుజూరాబాద్ బళ్ళో సీసం అంటే పద్యం.
చలమాచారి సారు బెత్తం బల్లకి ఆనించి
"సీసం రాసి చేతులు దులుపుకోకురా,
కింద గీతి పడాలి, లేకుంటే అది నిలవదు" అనేవాడు.
నాకు ఎన్నడూ గీతి కుదరలేదు.

నిన్న రాత్రి పాత లైను మళ్ళీ తీయమన్నారు.
తొట్టిలోంచి ఫిల్ము ఎత్తి దీపానికి పట్టాను.
నలభై ఒకటి.
ఒక్క బుడగ లేదు, ఒక్క చీలిక లేదు,
పూస వెంట పూస,
నిదానస్తుడి చేతిరాత.
ఆరీ ఆరని ఫిల్ము మీద, ఆ అంకె కింద,
గోటితో ఒక చిన్న గీత గీశాను.

పొద్దున ఇన్‌స్పెక్టరు రోమెల్ భూతద్దం దించి
ఇదేంటన్నాడు.
రిపోర్టులో నేనే రాశాను:
గీత ఫిల్ము మీదిది.
వెల్డులో లోపం లేదు.