వెంట్రుకవాసి

మార్చి రెండో ఆదివారం. పైయన్నె సరస్సు ఇంకా గట్టిగానే ఉంది,
ఒడ్డున రెల్లు మొదళ్ళలో మాత్రం మంచు కాస్త నల్లబడింది.
తైస్తో తన ఇంజన్ని బిస్కెట్ల డబ్బాలోంచి తీసి
స్లెడ్జి బండి మీద గొర్రెతోలు పరిచి, పడుకోబెట్టాడు.
"చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలి."
మైనస్ తొమ్మిది. ఇక్కడ చల్లగా లేనిదేదో చూపించు, అన్నాను.
నవ్వలేదు. కాగితం మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్ళు
రోలర్ల మధ్య దూరాలు కొలిచినవాడు
దూరాల దగ్గర పరాచికాలాడడు.

రాకర్ మూతకి రెండు మరలు.
చేతొడుగు తీస్తే వేలికి లోహం అంటుకుంటుంది.
ఊదుకుంటూ విప్పాను.
లోపల కందిగింజంత మోచేతులు రెండు, నూనెలో తడిసి:
ఒకటి గాలిని రానిస్తుంది, ఒకటి పొగని పోనిస్తుంది.
ప్రొపెల్లర్ తిప్పు ఇల్మీ, అన్నాడు. నెమ్మదిగా. బరువెక్కేదాకా.
తిప్పాను. లోపల గాలి బిగుసుకుని నా వేలిని వెనక్కి తోసింది.
ఇంకాస్త.
అదిగో, రెండు తలుపులూ మూసుకున్నది అక్కడే.
ఆగు.

రేకులు రెండు, ఉల్లిపొర వాటి ముందు దుప్పటి.
ఒకటి దూరాలి. ఒకటి దూరకూడదు.
శాస్త్రం అంతే. మిగతాదంతా చెయ్యి.

ఆ చెయ్యి ఇప్పుడు ఆయన మాట వినదు.
పోయిన అక్టోబరు నుంచి కుడి బొటనవేలు
ఎవరినో రమ్మంటున్నట్టు ఊగుతుంది.
రేకు సందు దాకా వెళ్ళి, సందుని తాకి, పక్కింటికి పోతుంది.
ఆ సంగతి మేం మాట్లాడుకోలేదు.
"నీ కళ్ళు మంచివి" అని
రేకులు నావైపు జరిపాడు.

సందే లేకపోతే తలుపు పూర్తిగా పడదు,
లోపలి సత్తువంతా ఈలవేసుకుంటూ పోతుంది.
ఎక్కువైతే టకటకా అరుపే, పని తక్కువ.
వేడెక్కిన లోహం ఒళ్ళు చేస్తుంది కనక
ఇప్పటి సందు అప్పటి సందు కాదు.
ఇవన్నీ ఆయన ఇంజన్‌తోనే చెప్పాడు, నాతో కాదు.

మర తిప్పాను. రేకు వెళ్ళింది,
పుస్తకంలో దాచిన ఉత్తరాన్ని లాగినట్టు,
కొంచెం పట్టి, వదిలి.
నట్టు బిగించాను. మళ్ళీ చూడు, అన్నాడు.
దూరలేదు.
"బిగించేటప్పుడే జరుగుతుంది. ఎప్పుడూ అంతే."
విప్పాను. బిగించాను. విప్పాను.
మూత కప్పులో కాఫీ చల్లారిపోయింది, వేళ్ళు నావి కావు.
అయిదోసారి
దూరాల్సింది దూరింది,
దూరకూడనిది గుమ్మంలోనే నిలబడిపోయింది.

స్కీలు తొడిగిన పసుపు విమానం లేచింది.
బెజ్జాల ముందు గాలాలేసుకుని కూర్చున్న ముగ్గురు
ఒకేసారి తలెత్తి, ఒకేసారి దించుకున్నారు.
నా చెవికి అది ఉతికి ఆరేసిన శబ్దం, ఒక్క మరక లేదు.
"టక్ మంటోంది" అన్నాడు తైస్తో.
లేదన్నాను.
"మంటోంది."

దింపాం. చల్లారనిచ్చాం. మూత విప్పి కొలిచాం.
వెంట్రుకవాసి తేడా లేదు.
అప్పుడు వినిపించింది నాకూ,
ఇంజన్ ఆగి అరగంటయ్యాక:
కిందనుంచి, ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి
ఎవరో చీర చింపినంత పొడుగున, ఒక్క టక్.
తైస్తో తన బూట్లకేసి చూసుకున్నాడు.
"అయితే మనది కాదు" అన్నాడు,
ఎంతో తృప్తిగా.

సామాను సర్దాం. బండి తాడు నేను అందుకున్నాను.
దగ్గరికి రాకు, అన్నాడు, బరువంతా ఒక్కచోట పడుతుంది.
మరీ వెనకబడకు, విసిరితే తాడు అందాలి.
ఎంత? అన్నాను.
వెనక్కి తిరిగి, ఒక కన్ను మూసి,
నన్నూ మంచునీ కలిపి కొలిచాడు.
రెండడుగులు వెనక్కి.
ఇంకో సగం.
ఆఁ, పద.